తీపి లేని ఇటలీ తెల్ల వైన్ వెర్దిక్కియో: సీసా ఎంచుకోవడం నుంచి భోజనంతో జత కుదర్చడం వరకు

ఇటలీ తెల్ల వైన్ గురించి పాఠకులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఒకటుంది. దుకాణంలో ఎవరో మంచిదని చెబితే సీసా కొన్నామని, ఇంటికి తెచ్చి తాగితే పుల్లగా ఉండి చివర్లో కాస్త చేదు తగిలిందని, అది పాడైపోయిందా లేక తాము తాగే పద్ధతిలో తప్పుందా అని వారు అడుగుతుంటారు. ఆ సీసా వెర్దిక్కియో అయితే చాలా సందర్భాల్లో వైన్‌లో లోపమేమీ ఉండదు. ఆ పులుపు, చివర తగిలే బాదం గింజ లాంటి చిరుచేదు దాని స్వభావమే. ఈ వైన్‌ను ఒంటరిగా కూర్చుని తాగడానికి కాక ఉప్పు, నూనె, చేప ఉన్న భోజనం పక్కన పెట్టడానికే అక్కడివారు తరతరాలుగా తయారు చేస్తున్నారు. కాబట్టి ఈ వ్యాసం సీసా ఎంపికతో మొదలై, చల్లబరచడం, తెరవడం, వంటకంతో జత కుదిరిందో లేదో సరిచూసుకోవడం వరకు వరుసగా సాగుతుంది.

అవసరమైనంత నేపథ్యం మాత్రం చెబుతాను. వెర్దిక్కియో అన్నది ద్రాక్ష రకం పేరు. ఇది ప్రధానంగా ఇటలీ తూర్పు తీరంలో, ఏడ్రియాటిక్ సముద్రాన్ని ఆనుకుని ఉన్న మార్కె ప్రాంతంలో పండుతుంది. అక్కడ దీనికి రెండు ప్రధాన నెలవులున్నాయి. మొదటిది అంకోనా రేవుకు పడమట, యేజి పట్టణం చుట్టూ ఉన్న కొండ ఊళ్లు. ఈ ప్రాంతపు వైన్‌ను ‘వెర్దిక్కియో దేయి కాస్తెల్లి ది యేజి’ అంటారు. రెండవది ఇంకా లోపల, కొండల మధ్య ఉన్న మాతెలికా లోయ. సముద్రపు గాలి అంతగా చేరని ఈ లోయలో పగటికీ రాత్రికీ మధ్య వేడిమి తేడా ఎక్కువ. అందువల్ల మాతెలికా వైన్‌లో పులుపు మరింత పదునుగా, శరీరం, అంటే నోట్లో తగిలే బరువు, కాస్త బిగువుగా ఉంటుంది. మాతెలికాకు 1967లో, యేజికి 1968లో ప్రాంతీయ గుర్తింపు అయిన డి.ఓ.సి. లభించింది. రెండు చోట్లా సీసాలో కనీసం 85 శాతం వెర్దిక్కియో ద్రాక్షే ఉండాలన్నది నియమం.

కావలసినవి

- తీపి లేని వెర్దిక్కియో సీసా ఒకటి, 750 మిల్లీలీటర్లది. నలుగురు పెద్దలకు భోజనంతో పాటు ఇది సరిపోతుంది. 150 మిల్లీలీటర్ల చొప్పున పోస్తే 5 గ్లాసులు వస్తాయి.
- మీట ఉన్న కార్క్‌స్క్రూ. మర మూత ఉన్న సీసా అయితే దీని అవసరం లేదు.
- కాడ ఉన్న మామూలు వైన్ గ్లాసులు, నోరు కాస్త లోపలికి ముడుచుకున్నవి. కాడ లేని గ్లాసును అరచేత్తో పట్టుకుంటే వైన్ త్వరగా వెచ్చబడుతుంది.
- ఫ్రిజ్, లేదా ఐసు, నీళ్లు పట్టే లోతైన గిన్నె.
- వంటింటి థర్మామీటర్ ఉంటే మంచిది. లేకపోయినా పని జరుగుతుంది.
- జత చూడడానికి వంటకం. ఆల్చిప్పలతో చేసే తేలికైన వంటకం ఒకటి ఐదవ అడుగులో ఇచ్చాను. మాంసాహారం తినని వారికి వేరే మార్గమూ అక్కడే ఉంది.

చట్టం అనుమతించిన వయసు లేని వారికి, గర్భిణులకు, మందులు వాడుతూ మద్యం తగదని వైద్యుడు చెప్పిన వారికి ఇది వడ్డించవద్దు. తాగినవారు బండి నడపవద్దు.

1. లేబుల్ చదివి సీసా ఎంచుకోండి

లేబుల్ మీద వెర్దిక్కియో అన్న మాట ఒక్కటే చూసి కొనవద్దు. ఆ పేరుతోనే బుడగలు వచ్చే వైన్, తీపి వైన్ కూడా అమ్ముతారు. ‘స్పుమాంతె’ అని ఉంటే అది బుడగల వైన్. ‘పాసీతో’ అని ఉంటే ఎండబెట్టిన ద్రాక్షతో చేసిన తీపి వైన్, భోజనం చివర తాగేది. ఈ వ్యాసంలో చెప్పే వంటకాలకు ఈ రెండూ పనికిరావు. ముఖ్యంగా పాసీతోను చేపతో పెట్టి నిరాశపడినవారు చాలామంది ఉన్నారు.

తీపి లేని వాటిలో మీకు ప్రధానంగా మూడు మెట్లు కనిపిస్తాయి. ‘క్లాసికో’ అంటే యేజి చుట్టూ మొదటి నుంచీ ఈ సాగు ఉన్న పాత ప్రాంతపు వైన్. ఇది తేలికగా, తాజాగా ఉంటుంది. కోత జరిగిన ఏడాది నుంచి మూడేళ్ల లోపు తాగేయడం మంచిది. ‘క్లాసికో సుపెరియోరె’ అన్న మాట ఉంటే ఎకరానికి తక్కువ దిగుబడి తీసి చేసినదని, ఆల్కహాల్ కనీసం 12 శాతం ఉంటుందని అర్థం. మొదటిసారి కొనేవారికి నా సలహా ఇదే. ధరకూ రుచికీ మధ్య పొంతన దీనిలోనే బాగా కుదురుతుంది. మూడవది ‘రిసేర్వా’. ఇది ఇటలీలో అత్యున్నత వర్గమైన డి.ఓ.సి.జి. హోదా ఉన్న వైన్. విడుదలకు ముందు కనీసం 18 నెలలు, అందులో కనీసం 6 నెలలు సీసాలోనే, నిలవ ఉంచాలి. దీని శరీరం బరువుగా ఉంటుంది కనుక చిన్న చేపల వేపుడుకు కాక పెద్ద వంటకాలకు దాచుకోవాలి.

పేర్లు అడిగేవారి కోసం నాలుగు చెబుతాను. ఉమానీ రోంకి వారి ‘కసాల్ ది సెర్రా’, గరోఫోలీ వారి ‘పోదియుమ్’ రెండూ సుపెరియోరె తరగతికి చెందినవి. రిసేర్వా కావాలనుకుంటే యేజి వైపు నుంచి ‘విల్లా బుచ్చీ’, మాతెలికా వైపు నుంచి బెలిసారియో సహకార సంఘం వారి ‘కంబ్రుజానో’ ప్రసిద్ధమైనవి. ఇవే కొనాలని లేదు. పైన చెప్పిన మాటలు లేబుల్ మీద చూసుకుంటే వేరే తయారీదారుల సీసాలైనా మీరు నమ్మకంగా ఎంచుకోగలరు.

సీసా ఆకారాన్ని బట్టి మాత్రం నిర్ణయించవద్దు. నడుము సన్నగా, పాతకాలపు కూజాను తలపించే పచ్చని సీసా ఒకటి మీకు కనిపించవచ్చు. దానిని 1953లో అంతోనియో మయోకీ అనే వాస్తుశిల్పి ఫాత్సీ బత్తాల్యా సంస్థ కోసం రూపొందించారు. ఈ వైన్‌ను ప్రపంచానికి పరిచయం చేసింది ఆ ఆకారమే. అయితే లోపలి వైన్ నాణ్యతను అది చెప్పదు. నేడు మంచి పేరున్న సీసాలు ఎక్కువగా మామూలు ఆకారంలోనే వస్తున్నాయి.

వెర్దిక్కియో దొరకకపోతే రెండు ప్రత్యామ్నాయాలున్నాయి. గార్దా సరస్సు దక్షిణాన చేసే ‘లుగానా’ వైన్‌లోని ద్రాక్ష వెర్దిక్కియోకు అతి దగ్గరి బంధువు. వెరోనా పక్కన చేసే ‘సొవావె’లో ముఖ్యమైన ద్రాక్ష వేరే రకమైనా, చివర తగిలే బాదం చేదు దానిలోనూ ఉంటుంది. తెలుగు రాష్ట్రాల్లోని దుకాణాల్లో ఈ మూడింటిలో ఏదీ సులువుగా దొరకదు కనుక, ఈ వ్యాసం విదేశాల్లో ఉన్నవారికి, ఇటలీ వెళ్లేవారికి, బయటి నుంచి సీసా తెచ్చుకున్నవారికి ఎక్కువగా ఉపయోగపడుతుంది.

2. ఇంటికి తెచ్చాక సరిగా ఉంచండి

వైన్‌కు వేడి, వెలుతురు, ఊపు పడవు. ఎండలో నిలిపిన కారులో సీసాను ఒక్క మధ్యాహ్నం వదిలేసినా వైన్ ఉడికినట్టవుతుంది. అలాంటి సీసాలో కార్క్ కాస్త పైకి తోసుకొచ్చి ఉండవచ్చు, మెడ దగ్గర జిగురుగా కారిన మరక కనిపించవచ్చు. కొనేటప్పుడే ఇది చూసుకోండి. దుకాణం అద్దాల పక్కన ఎండ తగిలే అరలో ఉన్న సీసాను తీసుకోవద్దు. వేసవిలో మన ఇళ్లలో వంటగది అలమారా కూడా తగిన చోటు కాదు. నెలలోపు తాగేస్తామనుకుంటే ఫ్రిజ్‌లో అడుగు అరలో పడుకోబెట్టడమే మేలు.

3. తగినంత మాత్రమే చల్లబరచండి

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. తెల్ల వైన్ అంటే మంచులా చల్లగా ఉండాలన్న అభిప్రాయం బలంగా ఉంది. కానీ 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర వెర్దిక్కియోలో సువాసన దాదాపు తెలియదు. పులుపు, చేదు మాత్రమే నాలుకకు మిగులుతాయి. మొదట చెప్పిన ఫిర్యాదుకు సగం కారణం ఇదే.

క్లాసికోకు 8 నుంచి 10 డిగ్రీలు, సుపెరియోరెకు 10 నుంచి 12 డిగ్రీలు, రిసేర్వాకు 12 డిగ్రీలు లేదా మరొక డిగ్రీ పైన సరిపోతుంది. గది వేడిమిలో ఉన్న సీసాను ఫ్రిజ్‌లో సుమారు 3 గంటలు ఉంచండి. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉన్న సీసా అయితే వడ్డనకు 15 నుంచి 20 నిమిషాల ముందు బయట పెట్టండి. బయట ఎండ మండుతుంటే 10 నిమిషాలు చాలు. తొందరగా కావాలంటే లోతైన గిన్నెలో ఐసు, నీళ్లు సమంగా పోసి, గుప్పెడు ఉప్పు వేసి, సీసాను మెడ దాకా ముంచి 20 నిమిషాలు ఉంచండి. ఉత్త ఐసు ముక్కల మధ్య పెట్టిన దానికంటే నీళ్లు కలిపిన ఐసులో సీసా చాలా త్వరగా చల్లబడుతుంది, ఎందుకంటే నీరు గాజును అన్ని వైపులా తాకుతుంది.

హెచ్చరిక: సీసాను ఫ్రీజర్‌లో పెట్టి మరిచిపోవద్దు. వైన్ గడ్డకట్టి వ్యాకోచిస్తే కార్క్ బయటికి తోసుకొస్తుంది, లేదా గాజు పగులుతుంది. గ్లాసులో ఐసు ముక్క వేయడం కూడా వద్దు. అది కరిగి వైన్‌ను పలచబరుస్తుంది.

థర్మామీటర్ లేనివారు ఇలా చూసుకోవచ్చు. గ్లాసులో పోసిన వెంటనే బయటి గాజు మీద దట్టంగా మంచు పట్టి, వాసన చూస్తే ఏమీ తెలియకపోతే అది అతి చల్లన. పలచని తడి మాత్రమే పట్టి, నిమ్మ, పచ్చి ఆపిల్ వాసన తెలుస్తుంటే సరైన స్థితిలో ఉన్నట్టే.

4. తెరిచి, లోపం ఉందేమో పరీక్షించండి

సీసా పెదవి కింద ఉన్న రేకును చుట్టూ కోసి తీసేయండి. కార్క్‌స్క్రూ మొనను కార్క్ మధ్యలో గుచ్చి, నిటారుగా తిప్పుతూ దించండి. చివరి మెలిక ఒకటి పైన కనిపిస్తుండగానే ఆపాలి. మరీ లోపలికి దించితే కార్క్ అడుగు చిట్లి పొట్టు వైన్‌లో పడుతుంది. మీటను పెదవికి ఆనించి నెమ్మదిగా లేపండి. చివర్లో చేత్తో కదిలిస్తూ శబ్దం లేకుండా తీయండి.

గ్లాసులో రెండు గుటకలంత పోసి మొదట రంగు చూడండి. తాజా వెర్దిక్కియో లేత గడ్డి రంగులో, అంచుల్లో పచ్చని ఛాయతో ఉంటుంది. పాత రిసేర్వా బంగారు వన్నెకు తిరిగి ఉండవచ్చు. చిన్న వయసు వైన్ గోధుమ రంగులోకి మారి, దెబ్బతిని నల్లబడిన ఆపిల్ ముక్క వాసన వస్తే గాలి తగిలి చెడిపోయిందని అర్థం. తడిసిన అట్టపెట్టె లేదా ముక్కిన పాత కాగితం వాసన వస్తే అది కార్క్ నుంచి వచ్చిన దోషం. దానివల్ల ఆరోగ్యానికి హాని లేదు గాని ఆ వైన్‌ను బాగుచేయడానికి మార్గం లేదు. వెంటనే కార్క్ బిగించి దుకాణానికి తిరిగి తీసుకెళ్లండి. మంచి దుకాణాలు మార్చి ఇస్తాయి.

సీసా అడుగునో కార్క్ కొననో గాజు పొడి లాంటి చిన్న స్ఫటికాలు కనిపిస్తే భయపడవద్దు. అవి ద్రాక్షలో సహజంగా ఉండే టార్టారిక్ ఆమ్లపు లవణం. చల్లదనానికి పేరుకుంటాయి, హాని చేయవు. ఆఖరి రెండు గుటకలు సీసాలోనే వదిలేస్తే సరిపోతుంది.

లోపమేమీ లేకపోతే ఈ వైన్‌లో నిమ్మ, పచ్చి ఆపిల్, తెల్లపూలు, కొన్నిటిలో అడవి సోంపు వాసన తెలుస్తుంది. మింగిన తరువాత పచ్చి బాదం పప్పు కొరికినప్పటి చిరుచేదు కొద్దిసేపు నిలుస్తుంది. ఆ చేదును లోపంగా లెక్కించవద్దు.

5. పరీక్షకు తగిన వంటకం ఒకటి చేయండి

అంకోనా దక్షిణాన సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కోనెరో కొండ కింద పోర్తోనోవో తీరంలో బండలకు అంటుకుని సహజంగా పెరిగే నల్ల ఆల్చిప్పలను అక్కడివారు ‘మోష్యోలి’ అంటారు. ఆ తీరపు వంటలన్నిటిలోకీ వెర్దిక్కియో స్వభావాన్ని అతి త్వరగా చూపించేది వాటితో చేసే వంటకమే. చేయడం సులువు, పావుగంటలో పూర్తవుతుంది. మీ ఊరి బజారులో దొరికే ఏ తాజా నల్ల ఆల్చిప్పలైనా వాడుకోవచ్చు.

నలుగురికి కిలో ఆల్చిప్పలు తీసుకోండి. గట్టి బ్రష్‌తో చిప్పలను రుద్ది కడిగి, పక్కన వేలాడే పీచును లాగేయండి. నోరు తెరిచి ఉన్న చిప్పను గిన్నె అంచుకు తట్టండి. మూసుకోకపోతే అది చనిపోయినది, పారేయండి. వెడల్పాటి గిన్నెలో 4 టేబుల్ స్పూన్ల ఆలివ్ నూనె వేసి, చితక్కొట్టిన రెండు వెల్లుల్లి రెబ్బలను సన్నని మంట మీద వాసన వచ్చేదాకా వేయించండి. వెల్లుల్లి ఎర్రబడితే చేదెక్కుతుంది, ఆ చేదు వైన్ చేదుతో కలిసి వంటకాన్ని చెడగొడుతుంది. ఇప్పుడు మంట పెంచి ఆల్చిప్పలు వేసి, మీరు తాగబోయే సీసాలోంచే 100 మిల్లీలీటర్ల వైన్ పోసి మూత పెట్టండి. 3 నుంచి 5 నిమిషాల్లో చిప్పలు తెరుచుకుంటాయి. అప్పటికీ తెరుచుకోని వాటిని తీసేయండి. తరిగిన పార్స్‌లీ, మిరియాల పొడి చల్లి దించండి. ఉప్పు వేయవద్దు, ఆల్చిప్పల్లోంచి దిగే నీటిలోనే అది ఉంటుంది. రసంలో ముంచుకోవడానికి కాల్చిన రొట్టె ముక్కలు పక్కన పెట్టండి.

ఆల్చిప్పలు దొరకకపోతే అరకిలో రొయ్యలను ఇదే పద్ధతిలో చేయవచ్చు. వాటికి అర టీ స్పూను ఉప్పు అవసరమవుతుంది, రంగు మారి ముడుచుకోగానే దించాలి. మాంసాహారం తినని వారు జుకీనీ కాయలను సన్నగా పొడవుగా కోసి, మైదా, చల్లని సోడా నీళ్లు కలిపిన పలచని పిండిలో ముంచి వేయించి, వేడిగా ఉన్నప్పుడే ఉప్పు చల్లి తినండి. దక్షిణ మార్కెలోని ఆస్కోలిలో పండుగ భోజనానికి ఇలాంటి వేపుడు పళ్లెం తప్పనిసరి. మాంసం కూరి, రొట్టె పొడి అద్ది వేయించే పెద్ద పచ్చ ఆలివ్ కాయలు కూడా ఆ ఊరివే. నూనెలో వేగిన ఉప్పటి పదార్థం తిన్న నోటిని పులుపున్న వైన్ వెంటనే శుభ్రం చేస్తుంది కనుక ఈ జత దాదాపు ఎప్పుడూ విఫలం కాదు.

6. గుటక, ముద్ద, గుటక: జత కుదిరిందో లేదో చూసుకోండి

ఈ అడుగును వదిలేయవద్దు. గ్లాసులో మూడో వంతు మాత్రమే పోయండి. ముందు ఒక గుటక తాగి పులుపు ఎంత ఉందో, చేదు ఎక్కడ తగిలిందో గుర్తుపెట్టుకోండి. తరువాత వంటకం ఒక ముద్ద తిని, బాగా నమిలి, మింగండి. నోట్లో రుచి ఇంకా ఉండగానే రెండో గుటక తాగండి. మొదటి గుటకకూ రెండో గుటకకూ మధ్య వచ్చిన మార్పే మీకు కావలసిన సమాచారం.

రెండో గుటకలో పులుపు మెత్తబడి, చేదు బాదం రుచిగా మారి, ముద్ద రుచి ఇంకా స్పష్టంగా తెలుస్తుంటే జత కుదిరింది. ఉప్పు వైన్‌లోని పులుపునూ చేదునూ నాలుకకు తగ్గించి చూపుతుంది. ఈ వైన్ ఉప్పటి సముద్రాహారంతో అంతగా ఒదగడానికి ముఖ్య కారణం ఇదే.

రెండో గుటక నీళ్లలా చప్పగా అనిపిస్తే వంటకంలో పులుపు వైన్ పులుపును మించిందని అర్థం. నిమ్మరసం, వెనిగర్ తగ్గించాలి. వైన్ ఇంకా పుల్లగా, గరుకుగా అనిపిస్తే వంటకంలో తీపి ఉండి ఉంటుంది. బాగా వేగిన ఉల్లి, టమాటా సాస్‌లో వేసిన చక్కెర దీనికి చాలు. అప్పుడు వంటకం మీద చిటికెడు ఉప్పు, రెండు చుక్కల నిమ్మరసం వేసి మళ్లీ చూడండి, చాలాసార్లు సరిపోతుంది. చేదు మాత్రమే పెరిగితే మొదట వైన్ చల్లదనాన్ని అనుమానించండి, పది నిమిషాలు ఆగి మళ్లీ తాగండి. అయినా తగ్గకపోతే వంటకంలో పుట్టగొడుగులు, సోయా సాస్ లాంటివి ఎక్కువై ఉండవచ్చు. ఆర్టిచోక్ మొగ్గలు కూడా వైన్ రుచిని వింతగా మారుస్తాయి. నోరు మండితే కారమే కారణం, ఆ సంగతి కింద చెబుతాను. వంటకం రుచే తెలియకుండా పోతే వైన్ బరువెక్కువ. రిసేర్వాను పక్కన పెట్టి క్లాసికో తెరవండి.

7. వంటకం బరువును బట్టి సీసా మార్చండి

అంకోనా రేవులో ‘బ్రొదెత్తో’ అనే చేపల పులుసు ఉంది. సంప్రదాయం ప్రకారం 13 రకాల చేపలు వేసి, టమాటా, కాస్త వెనిగర్‌తో చేస్తారు. ఇదే పులుసు తీరం వెంట దక్షిణానికి వెళ్లేకొద్దీ మారుతుంది. పోర్తో రెకనాతిలో టమాటా లేకుండా అడవి కుంకుమపువ్వుతో, శాన్ బెనెదెత్తోలో పచ్చి టమాటాలు, పచ్చని క్యాప్సికం, వెనిగర్‌తో చేస్తారు. మూడింటికీ పులుపు గట్టిగా ఉన్న సుపెరియోరెయే తగినది. క్లాసికో ఇక్కడ తేలిపోతుంది.

అంకోనాకే ప్రత్యేకమైన మరొక వంటకం ఎండు కాడ్ చేపను నానబెట్టి, బంగాళదుంపలు, టమాటాలు, ధారాళంగా ఆలివ్ నూనె వేసి గంటల తరబడి నెమ్మదిగా ఉడికించేది. వంటలోనూ వెర్దిక్కియోనే పోస్తారు. నూనె, చేప, దుంప కలిసి చాలా నిండుగా ఉండే ఈ వంటకం ముందు రిసేర్వా పెట్టండి. రిసేర్వా ఎందుకు తయారు చేస్తారో ఆ పళ్లెం చెప్పినంత బాగా మరొకటి చెప్పదని నా గట్టి నమ్మకం.

తెల్ల వైన్ చేపకే అన్న నియమాన్ని మార్కె భోజనం ఒప్పుకోదు. కొండ ఊళ్లలో కుందేలు మాంసాన్ని అడవి సోంపు, వెల్లుల్లితో కాల్చి వెర్దిక్కియోతోనే తింటారు. వైన్‌లోని సోంపు ఛాయ ఆ ఆకు వాసనకు అందుకుంటుంది. కుందేలు తిననివారు ఎముక ఉన్న కోడి తొడలను సోంపు గింజలు, వెల్లుల్లి, ఉప్పు, ఆలివ్ నూనె పట్టించి ఓవెన్‌లో కాల్చి చూడవచ్చు. మాచెరాతా వైపు చేసే ‘విన్చిస్‌గ్రస్సి’, అంటే మాంసపు సాస్‌తో పొరలు పొరలుగా పేర్చి కాల్చే పాస్తా, దీనికి హద్దు. మాతెలికా రిసేర్వా ఒక్కటే దానికి నిలబడగలదు, అది లేనివారు ఎర్ర వైన్ తీసుకోవడం మంచిది. చీజ్ విషయానికొస్తే మెత్తని ఉర్బీనో ‘కషోత్తా’, లేత గొర్రెపాల పెకోరీనో బాగుంటాయి. నీలి బూజు చీజ్ వద్దు.

8. మన వంటలతో పెట్టేటప్పుడు కారం, చింతపండు చూసుకోండి

విదేశాల్లో ఉన్న తెలుగువారు అతిథులకు మన వంట చేసి ఈ వైన్ పెట్టవచ్చా అని తరచుగా అడుగుతారు. పెట్టవచ్చు, కానీ మన వంటలన్నిటితోనూ కాదు. ఆల్కహాల్ మిరప మంటను పెంచుతుంది. గోంగూర, ఆవకాయ, గుంటూరు కారం దట్టించిన కోడి వేపుడు ఉన్న చోట వైన్ పోయడం వంటకానికీ వైన్‌కూ అన్యాయం. చింతపండు గట్టిగా పోసిన చేపల పులుసు ముందు వెర్దిక్కియో పులుపు కూడా ఓడిపోయి చప్పబడుతుంది.

ఉప్పు, పసుపు, మిరియాలు, నిమ్మకాయ పట్టించి తక్కువ కారంతో వేయించిన చేప ముక్కలతో, కొబ్బరిపాలు పోసి పచ్చిమిర్చి తగ్గించి చేసిన రొయ్యల కూరతో, అల్లం తక్కువగా వేసిన వేడి గారెలతో ఇది చక్కగా కుదురుతుంది. గారెల పక్కన తీపి పచ్చడి కాకుండా ఉప్పటి కొబ్బరి పచ్చడి పెట్టండి. ఏ వంటకమైనా అతిథుల ముందు పెట్టడానికి ముందు ఆరవ అడుగులోని పరీక్ష మీరే ఒకసారి చేసి చూసుకోండి.

తరచుగా జరిగే మరికొన్ని పొరపాట్లు

గ్లాసు నిండా పోయడం చాలా మంది ఆతిథ్యం అనుకుంటారు. నిండిన గ్లాసులో వాసన నిలవడానికి చోటుండదు, సగం తాగేలోపు వైన్ వెచ్చబడుతుంది. కొద్దికొద్దిగా పోస్తూ సీసాను చల్లని నీళ్ల గిన్నెలో ఉంచడం సరైన పద్ధతి.

వంటకు వేరే చవక వైన్, తాగడానికి మంచి వైన్ అని విడదీయడం కూడా తప్పే. వంటలో పోసేది కొద్దిగానే కనుక తాగే సీసాలోంచే పోయండి. దుకాణాల్లో ఉప్పు కలిపి అమ్మే వంట వైన్ అసలు వాడవద్దు.

భోజనం చివర జామూన్‌తోనో కేకుతోనో మిగిలిన వెర్దిక్కియో తాగవద్దు. తీపి ముందు అది నిమ్మరసంలా అనిపిస్తుంది.

మిగిలిన వైన్ ఏం చేయాలి

కార్క్‌ను శుభ్రంగా ఉన్న కొసతో తిరిగి బిగించి సీసాను ఫ్రిజ్‌లో నిలబెట్టండి. పడుకోబెడితే గాలి తగిలే వైశాల్యం పెరుగుతుంది. క్లాసికో రెండు మూడు రోజులు బాగుంటుంది. రిసేర్వా మరుసటి రోజు మరింత విచ్చుకోవడం కూడా చూడవచ్చు. సీసాలో పావువంతే మిగిలితే దానిని చిన్న సీసాలోకి అంచు దాకా నింపి మూత పెట్టండి, గాలి తక్కువగా ఉంటుంది కనుక ఎక్కువసేపు నిలుస్తుంది. నాలుగో రోజు వాసన చూసి వెనిగర్ ఘాటు తగలకపోతే ఐదవ అడుగులోని ఆల్చిప్పలకో, వెల్లుల్లి వేసి ఉడికించే శనగలకో వాడేయండి. ఘాటు తగిలితే పారబోయండి. తెరవని రిసేర్వాను దాచుకోవాలనుకునేవారికి 15 డిగ్రీలు దాటని చీకటి చోటు ఉంటే మంచి తయారీదారు సీసా పదేళ్లైనా నిలుస్తుంది. అలాంటి చోటు లేకపోతే కొన్న ఏడాదిలోనే తాగేయండి.